మెదక్ జట్టు పరదేశం పోయిన ఏడాది

మొన్న ఆదివారం మా మునిమనుమడు టీవీ ముందు కూర్చుని ఫుట్‌బాల్ చూస్తూ, ఫోనులో తన స్నేహితునితో పెద్ద తగాదా పెట్టుకున్నాడు. వేల్స్ అనే చోటి క్లబ్బు ఒకటి ఇంగ్లండు వాళ్ల పోటీల్లో ఆడుతున్నదట. వేల్స్ వేరే దేశమైతే దాని క్లబ్బు పక్క దేశం పోటీలో ఎట్లా ఆడుతుందని వీడు, అది దేశమే అయితే ఐక్యరాజ్య సమితిలో దానికి కుర్చీ ఏదని వాడు, ఒకరి మాట ఒకరు వినకుండా అరుచుకుంటున్నారు. చివరికి మావాడు ఫోను పక్కన పెట్టి, తాతా, అసలు దేశం అంటే ఏంది, జెండా ఉంటే దేశమా, సైన్యం ఉంటే దేశమా అని నన్నడిగాడు. నేను నవ్వి, నేను కూడా ఒకసారి పరదేశం పోయి మ్యాచ్ ఆడి వచ్చినోణ్నేరా, విమానం ఎక్కలేదు, ఓడ ఎక్కలేదు, బెజవాడ రైలెక్కి పోయినా అన్నాను. వాడు నమ్మలేదు. నా ఈడువాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉండి ఇది చదువుతుంటే, వాళ్లు మాత్రం నమ్ముతారు.

ఎందుకంటే మన చిన్నతనంలో మనది నిజంగానే ఒక దేశం. నిజాం సర్కారు సిక్కా వేరు, పోస్టు బిళ్ల వేరు, రైలు వేరు, ఫౌజు వేరు. బెజవాడలో మన రూపాయి ఇస్తే అంగడివాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ మన చేతిలోనే పెట్టేవాడు. సరిహద్దు స్టేషనులో కరోడ్‌గిరీ వాళ్లు, అంటే సుంకం వసూలు చేసే సర్కారు మనుషులు, పెట్టెలు విప్పించి చీరలు, పొగాకు, పంచదార అన్నీ తడిమి చూసేవారు. ఇంతా చేసి ఆ పక్కనా తెలుగే, ఈ పక్కనా తెలుగే. వాళ్లు 'వచ్చాడు' అంటే మేము 'వచ్చిండు' అనేవాళ్లం, అంతే తేడా.

అప్పుడు నేను మెదక్‌లో మిషన్ బడిలో కొత్తగా పంతులుగా చేరాను. మా నాయన చర్చిలో పనిచేసేవాడు, మా మేనమామ అదే బడిలో డ్రిల్లు మాస్టరు. చర్చికీ ఖిల్లా గుట్టకూ నడుమ ఉన్న బయలులో మా ఊరి జట్టు ఆడేది. తెల్లదొరలు బడికి తెచ్చి ఇచ్చిన ఆట అది, కానీ మా కాలం వచ్చేసరికి వాళ్ల సంగతి ఎవరికీ గుర్తు లేదు, అది మెదక్ ఆటే అయిపోయింది. బంతి తోలు పగిలితే చెప్పులు కుట్టే ఆయన కుట్టిచ్చేవాడు, సైకిల్ దుకాణంలో గాలి కొట్టించేవాళ్లం, బూట్లు ఎవరికీ ఉండేవి కావు. తోలు బంతికి మూతి దగ్గర వార్లు ఉండేవి, అవి నుదుటికి తగిలేటట్టు తలతో కొడితే రెండు రోజుల పాటు ఆ గీత నుదుటి మీద కనబడేది. ఆ గీతతో బడికి పోయినందుకు పెద్ద పంతులు నన్ను ఒకసారి తగవులమారివాడు అనుకున్నాడు కూడా. జట్టులో మా క్రైస్తవుల పిల్లలు ఉండేవారు, మగ్గాలు నేసే సాలోళ్ల ఇండ్లవాళ్లు, ఒక కరణంగారి అబ్బాయి, ముగ్గురు ముసల్మానులు. ఆ ముగ్గురిలో మా పక్కింటి భాయిజాన్ గోల్‌కీపరు, కెప్టెను కూడా.

భాయిజాన్ సర్కారు దవాఖానాలో కంపౌండరు. మనిషి సన్నగా పొడుగ్గా ఉండేవాడు, చేతుల నుంచి ఎప్పుడూ మందుల వాసన వచ్చేది. బంతి పట్టుకున్నప్పుడు పసిబిడ్డను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకునేవాడు. మా అమ్మకు మలేరియా జ్వరం వచ్చినన్నాళ్లూ పొద్దున దవాఖానాకు పోతూ, సాయంత్రం వస్తూ మా అరుగు మీద కూర్చుని మందు తాగించి గాని పోలేదు. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా, మైదానంలో అరిచేది, తిట్టేది, మెచ్చుకునేది అంతా తెలుగులోనే.

ఈ జట్టుకు, బెజవాడలో రైల్వే వాళ్లు కూడగట్టుకున్న ఒక జట్టుకు ఏటేటా ఒక మ్యాచ్ జరిగేది. ఒక ఏడు వాళ్లు రావాలి, మరుసటేడు మేము పోవాలి. వచ్చినవాళ్లను ఆటగాళ్ల ఇండ్లలోనే దించేవాళ్లం. అట్లా మొదటిసారి మా ఇంట్లో దిగిన రైల్వే గార్డు ఒకాయన మా అక్క చేసిన సర్వపిండి తిని, ఇది మా దేశంలో లేదండీ అన్నాడు. మరుసటేడు పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు, మా చర్చిలోనే పెళ్లి జరిగింది. ఆ విధంగా అవతలి జట్టులో గోలు కొట్టే మనిషి మా బావ అయ్యాడు, మా అక్క పరదేశపు కోడలయింది. మా అమ్మ చాలా రోజులు ఆ మాట అని అని కండ్లు ఒత్తుకునేది గాని, నిజానికి అప్పటికి అది నవ్వుకునే మాటే.

అది నవ్వులాట కాకుండా పోయింది దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడే. ఢిల్లీలో జెండా ఎగిరింది, బెజవాడలో ఎగిరింది, మెదక్‌లో ఎగరలేదు. మా రాజు ఏ దేశంలోనూ కలవనన్నాడు. నల్లగొండ, వరంగల్ దిక్కు పల్లెల్లో సంఘం వాళ్లు, అంటే కమ్యూనిస్టులు, తుపాకులు పట్టారని, దొరల గడీల మీదికి పోతున్నారని వార్తలు వచ్చేవి. మా దిక్కు నిజాం రాజ్యం నిలబెడతామని బయలుదేరిన రజాకార్లు ఖాకీలు తొడిగి బజారులో కవాతు చేసేవాళ్లు. శంకరంపేట నుంచి, చేగుంట నుంచి అంగడికి వచ్చే రైతులు ఎండ తిరగకముందే బండ్లు కట్టుకుని వెళ్లిపోయేవారు. ఆ ఏడు బెజవాడ పోవలసిన వంతు మాది.

పోదామా వద్దా అని జట్టులో చాలా మాటలు నడిచాయి. కరణంగారి అబ్బాయి ఇంట్లో ఒప్పుకోలేదు, అతని బదులు మా మేనమామ తానే ఆడతానన్నాడు, ఆయనకు అప్పటికే తల నెరిసింది. మా అక్కకు తొలుచూలు బిడ్డ పుట్టి కొన్ని నెలలయింది, ఆ బిడ్డను మేమెవ్వరం చూడలేదు. మా అమ్మ ఒక మూట కట్టి నా చేతికిచ్చి, మ్యాచ్ సంగతి నాకు తెల్వదు బిడ్డా, నువ్వైతే పోయి రా అన్నది. భాయిజాన్ వాళ్ల చిన్నాయన అప్పటికే రజాకార్లలో చేరాడు. అన్న కొడుకు పోతే మాట వస్తుందని ఆయన గట్టిగానే చెప్పాడట. భాయిజాన్ ఆ సంగతి మాకెవ్వరికీ చెప్పకుండా బస్సు దగ్గరికి అందరికంటే ముందే వచ్చి నిలబడ్డాడు.

వరి కోతలయిపోయిన రోజులు. చేగుంట మీదుగా సికింద్రాబాదుకు బస్సులో పోయి అక్కడ రైలెక్కాం. మన వైపు ఆఖరు స్టేషనులో కరోడ్‌గిరీ వాళ్లు ఎప్పటిలాగే మూటలు విప్పించారు. బంతిని కూడా నొక్కి చూసి, పోండ్రి అన్నారు. సరిహద్దు దాటాక వచ్చే చిన్న స్టేషనులో మాత్రం మద్రాసు సర్కారు పోలీసులు ఎక్కి అందరినీ దింపారు. వాళ్ల ఇన్‌స్పెక్టరు కృష్ణా జిల్లా మనిషి, చెడ్డవాడు కాదు, కాని రోజూ ఆ సరిహద్దులో దోపిడీలు, కాల్పులు చూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. ఒక్కొక్కరి పేరే అడుగుతూ పోయి, మా ముసల్మాను ఆటగాళ్లు ముగ్గురి దగ్గరా ఆగాడు.

"మీది ఏ దేశమయ్యా?" అని భాయిజాన్‌ను అడిగాడు.

"మాది మెదక్ సార్."

"అది ఊరు. నేనడిగింది దేశం."

భాయిజాన్ "గది తేల్చేటోళ్లు ఢిల్లీల, హైదరాబాదుల కూసున్నరు సార్. తేల్చినంక మాకు గూడ చెప్తరు. మేమైతే ఆడనీకె వచ్చినం" అన్నాడు.

చుట్టూ ఉన్న కానిస్టేబుళ్లు నవ్వారు గాని ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. మిగతావాళ్లు బెజవాడ పోవచ్చు, ఈ ముగ్గురూ మాత్రం తిరుగు బండి వచ్చేదాకా ఇక్కడే పోలీసు కాపలాలో ఉండాలి అన్నాడు. భాయిజాన్ మా వైపు తిరిగి, మీరు పోయి ఆడుండ్రి, ఏడాది మ్యాచ్ చెడగొట్టొద్దు, నీకు అక్కను చూసేది ఉన్నది అని నా భుజం తట్టాడు. అప్పుడు మా మేనమామ తన మూట తెచ్చి ప్లాట్‌ఫారం మీద పెట్టి దాని మీద కూర్చున్నాడు.

"పదకొండు మందిమి వచ్చినం. ఎనమండుగురం పోయి ఆడితే గది మెదక్ జట్టు కాదు" అన్నాడు.

ఒకరి తర్వాత ఒకరం అందరం కూర్చున్నాం. రైలు మమ్మల్ని వదిలి కదిలిపోతుంటే ఆ బండి గార్డు తన పెట్టెలో నుంచి తొంగిచూసి, సంగతి కనుక్కుని, మా బావ తనకు తెలిసినవాడేనని, కబురు చెబుతానని కేక వేశాడు.

మరునాడు పొద్దున వచ్చిన ప్యాసింజరు బండిలో నుంచి బెజవాడ జట్టు జట్టంతా దిగింది. వెనుక పెట్టె నుంచి మా అక్క, చంకలో బిడ్డ, చేతిలో పెద్ద గిన్నె. నేను పరుగెత్తుకుంటూ పోయి బిడ్డను ఎత్తుకుంటే వాడు నా మీసం పట్టుకుని గుంజాడు. బావ నేరుగా ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోయి, వీళ్లు బెజవాడ రాకూడదు, అంతేగా, మేమే వచ్చామండీ, ఇక్కడే ఆడుకుంటాం అన్నాడు. ఈలోగా ఊరి కుర్రవాళ్లు మూడు రంగుల జెండా తెచ్చారు, దాన్ని మేమే ఎగరేయాలని ఒకడు, అతిథుల జెండా కూడా ఉండాలని ఇంకొకడు, నిజాం జెండా ఎగిరితే తలలు పగులుతాయని మరొకడు మాట పెంచుకున్నారు. ఇన్‌స్పెక్టరు ఆ జెండాను మర్యాదగా మడిచి స్టేషను మాస్టరు గదిలో పెట్టించి, ఆడితే జెండాలు లేకుండా ఆడండి, లేకపోతే అందరినీ తరిమేస్తాను అన్నాడు.

స్టేషను వెనుక కోసిన వరిమడిలో ఆడాం. కొయ్యకాళ్లు పాదాల్లో గుచ్చుకుని రక్తాలు వచ్చాయి. బంతి గట్టు మీదికి ఎగిరితే కానిస్టేబుళ్లే తన్ని ఇచ్చారు. మా మేనమామ మొదటి సగానికే ఆయాసపడి నడుం పట్టుకున్నా బయటికి రాలేదు. నేను ఒక గోలు కొట్టాను. నా జీవితంలో నేను కొట్టిన మంచి గోలు అదే, దాన్ని చూసినవాళ్లలో ఇప్పుడు నేనొక్కణ్నే మిగిలాను కాబట్టి ఎంత గొప్పగా చెప్పుకున్నా అడిగేవాళ్లు లేరు. బావ రెండు కొట్టాడు. రెండో దానికి భాయిజాన్ బారుగా దూకి వేళ్లతో తాకాడు గాని ఆపలేకపోయాడు. మా అక్క ఎవరు గోలు కొట్టినా చప్పట్లు కొట్టింది, నువ్వు ఏ దేశమమ్మా అని బెజవాడ వాళ్లు ఆట పట్టిస్తే, బిడ్డను చూపించి, వీనికి మాటలొచ్చినంక అడుగుండ్రి అన్నది. ఆట అయిపోయాక ఆమె తెచ్చిన పులిహోర గట్టు మీద కూర్చుని తిన్నాం. ఇన్‌స్పెక్టరు కూడా మోదుగాకులో పెట్టించుకుని తిన్నాడు. బండి వచ్చే వేళకు భాయిజాన్ దగ్గరికి వచ్చి, ఏమనుకోకయ్యా, నా పని అటువంటిది అన్నాడు.

ఆ తరువాత రోజులు చెడ్డవి. రాకపోకలు ఒకటొకటిగా తెగిపోయాయి, మా అక్క క్షేమం తెలియక మా అమ్మ అన్నం సరిగ్గా తినేది కాదు. మా మైదానాన్ని రజాకార్లు కవాతుకు తీసుకున్నారు, గోలు గుంజలు పీకేశారు. శత్రువుల పోలీసులతో కూర్చుని తిని వచ్చాడని భాయిజాన్ మీద వాళ్లకు కోపం. ఆ తప్పు పోవాలంటే ఖాకీ తొడిగి కుర్రవాళ్లకు కవాతు నేర్పమన్నారు. నా చేతులు బంతి పట్టనీకె, మందు కలపనీకె తప్ప వేరే దేనికీ పనికిరావు అని చెప్పాడట. దానికి ఆయనను బజారులో నలుగురి ముందు కొట్టారు, చిన్నాయన అక్కడే ఉండి కూడా అడ్డం రాలేదు. మరునాడు పెదవి వాచి ఉండగానే దవాఖానాకు పోయి అందరికీ మందులిచ్చాడు.

మరుసటేడు వానకాలం చివర పోలీసు యాక్షన్ పేరుతో ఇండియా ఫౌజు వచ్చింది. ఆకాశంలో విమానాలు తిరిగాయి, చూస్తూ ఉండగానే రాజు లొంగిపోయాడు, మేము ఇండియా అయ్యాం. బజారులో మిఠాయిలు పంచారు, మేమూ తిన్నాం, సంతోషం కాదనను. అయితే ఆ సంతోషం వెనుకనే ఇంకొకటి వచ్చింది. నిన్నటిదాకా భయపడినవాళ్లలో కొందరు ఇప్పుడు భయపెట్టడానికి బయలుదేరారు. రజాకార్లు చేసినదానికి ఏ పాపం తెలియని ముసల్మానుల ఇండ్ల మీద పడ్డారు. భాయిజాన్ చిన్నాయనను ఎవరో పొలం దారిలో చంపేశారు. రజాకారు ఇంటివాడని ఎవరో పేరు చెబితే భాయిజాన్‌ను మిలిటరీ వాళ్లు పట్టుకుపోయి గోదాములో పెట్టారు. మా అమ్మ పక్కింటికి పోయి ఆయన భార్యను, పిల్లలను చేయి పట్టుకుని తీసుకువచ్చింది. ఆదివారం ఆమెకు తన చీర కట్టి, చెంగు నెత్తి మీదికి కప్పి, చర్చిలో ఆడవాళ్ల నడుమ తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ నడుమ కూర్చున్న ఆడవాళ్లందరికీ ఆమె ఎవరో తెలుసు, ఒక్కరూ నోరు విప్పలేదు.

మేము జట్టుగా మిలిటరీ ఆఫీసరు దగ్గరికి పోయాం. ఉత్తరాది మనిషి, మర్యాదగానే విన్నాడు. కాని ప్రతి ఊళ్లో అందరూ మావాడు మంచివాడనే అంటారు, మీరంతా నిన్నటిదాకా ఆ రాజ్యం వాళ్లేగా, మీ మాట ఎట్లా నమ్మేది అన్నాడు. మెదక్‌లో పుట్టి పెరిగిన మా మాట మెదక్ మనిషి కోసం చెల్లలేదు. మేము దిగులుపడి ఉన్నప్పుడే రైళ్లు మళ్లీ నడిచి, మా బావ అక్కను, బిడ్డను తీసుకుని వచ్చాడు. సంగతి విని, చెప్పులు కూడా విప్పకుండా అట్లనే ఆఫీసరు దగ్గరికి నడిచాడు, వెనుక నేను.

తాను ఇండియా రైల్వేలో గార్డునని, బెజవాడవాణ్నని, ఈ మనిషిని మా పోలీసులే ఒకసారి అనుమానించి ఆపారని, ఆపిన ఇన్‌స్పెక్టరే తరువాత ఆయనను ఏమనుకోవద్దన్నాడని, మాతో కలిసి ఆడినందుకే ఇక్కడి వాళ్ల చేతుల్లో దెబ్బలు తిన్నాడని తనకు వచ్చిన హిందీలో చెప్పాడు. ఆఫీసరు అంతా విని, నీకు ఆయన ఏమవుతాడు అని అడిగాడు. మా బావకు హిందీలో మాట దొరకలేదు. నా వైపు చూశాడు. చివరికి తెలుగులోనే, "మా ఎదుటి జట్టు కెప్టెనండీ" అన్నాడు. దాన్ని నేను ఉర్దూలోకి మార్చి చెప్పాను. మరునాడు భాయిజాన్‌ను వదిలారు.

వదిలాక ఆయన మా మేనమామను, నన్ను పట్టుకుని ఏడ్చాడు. మైదానంలో మళ్లీ గుంజలు పాతాం. కాని ఆయన చిన్నమ్మ, ఆమె చిన్నపిల్లలు దిక్కులేనివాళ్లయ్యారు. కరాచీలో ఉన్న ఆమె తమ్ముడు రమ్మని కబురు పంపాడు. తనను కొడుతుంటే చూస్తూ నిలబడిన మనిషి పెండ్లాం పిల్లలే అయినా, వాళ్లను అప్పజెప్పి రావలసింది నేనే కద అన్నాడు భాయిజాన్. కొద్ది రోజుల్లో వచ్చేస్తా, అప్పటిదాకా డ్రిల్లు మాస్టరు సాబును గోలులో నిలబెట్టుండ్రి అని నవ్వుతూ బస్సెక్కాడు. ఆయన పోయిన తరువాత దారి మూసుకుపోయింది. పోయినవాళ్లు ఆ దేశం వాళ్లే, తిరిగి రావాలంటే పర్మిట్టు కావాలన్నారు. ఆ పర్మిట్టు ఆయనకు దొరకలేదు. కొన్నేండ్లు చూసి చూసి, భార్యాపిల్లలే అక్కడికి పోయారు. వాళ్లను బొంబాయిలో ఓడ ఎక్కించి వచ్చింది మా మేనమామ.

ఇంకొక సంగతి చెప్పాలి. మెదక్, బెజవాడ ఒకే దేశమయ్యాక మా మ్యాచ్ రెండు మూడేండ్లకే ఆగిపోయింది. ఎవరూ అడ్డం పెట్టలేదు. ఎప్పుడైనా పోవచ్చులే అనుకున్నాం, ఎవ్వరం పోలేదు.

చాలా కాలానికి, నేను రిటైరయ్యాక, భాయిజాన్ హైదరాబాదు వచ్చాడని తెలిసింది. మేనకోడలి పెండ్లికి వచ్చాడు. వీసా హైదరాబాదు ఒక్కదానికే ఇచ్చారు, ఊరు దాటకూడదు, పోలీసు ఠాణాలో హాజరు వేయించుకోవాలి. మెదక్‌లో పుట్టిన మనిషికి మెదక్ రావడానికి లేదు. మేమే, మిగిలిన నలుగురం, పొద్దున్నే బస్సెక్కి పోయాం. గడ్డం తెల్లబడింది, పొడుగు మనిషి కొంచెం వంగాడు. మైదానం గురించి అడుగుతాడనుకున్నాం, మా అమ్మ సమాధి గురించి అడిగాడు. తరువాత ఉర్దూలో మొదలుపెట్టిన నన్ను చేయెత్తి ఆపాడు.

"ఉర్దూ వద్దు. ఆడ నాతోని తెలుగు మాట్లాడేటోళ్లు ఒక్కరు లేరు. ఏదన్న సరే, జర మాట్లాడుండ్రి" అన్నాడు.

ఏం మాట్లాడామో ఇప్పుడు గుర్తు లేదు. వానల గురించి, దవాఖానాలో ఎవరున్నారన్న దాని గురించి, ఎవరు పోయారు ఎవరున్నారన్న దాని గురించి అయి ఉంటుంది. ఆయన కండ్లు మూసుకుని విన్నాడు. మధ్యలో మేము ఆగితే, ఊఁ అని అందించాడు. ఠాణాకు పోవలసిన వేళయిందని ఇంటివాళ్లు రెండుసార్లు గుర్తు చేసినా లేవలేదు.

నేను పుట్టిన నాటి నుంచి మెదక్‌లోనే ఉన్నాను. ఇల్లు కూడా మారలేదు. ఈ అరుగు మీది నుంచే ఒక దేశం పోవడం, ఒక దేశం రావడం చూశాను, మధ్యలో రాష్ట్రాలు కలవడం, విడిపోవడం చూశాను. ఇప్పుడు బెజవాడ పోవాలంటే ఎవరూ మూట విప్పించరు, పొద్దున బయలుదేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. మా మైదానంలో సాయంత్రాలు మంచి బూట్లు వేసుకున్న పిల్లలు ఆడుతుంటారు, నా కంటే బాగానే ఆడతారు. ఎదుటి జట్టు ఏ ఊరిదని వాళ్లను అడిగితే, అందరం మనోళ్లమే తాతా అంటారు. ఆట అయిపోగానే ఎవరి ఇంటికి వాళ్లు పోతారు. పై ఊరి నుంచి వచ్చి మన అరుగు మీద కాళ్లు కడుక్కుని, మన ఇంట్లో తిని, మన ఇంట్లో పండుకునే ఎదుటి జట్టు ఒకటి ఉంటే మనిషికి ఎంత ధైర్యమో వాళ్లకు చెప్పాలనిపిస్తుంది. ఎట్లా చెప్పాలో తెలియక, బంతి ఇటు వస్తే నా కర్రతో మెల్లగా వాళ్ల వైపే నెడుతుంటాను.